చనిపోయిన బిడ్డ కణాలతో క్లోన్ చేస్తే పుట్టేది ఆ బిడ్డేనా?

సందేహాల సంచి (ప్రశ్న)

క్లోనింగ్ మీద చర్చ ఎక్కడ మొదలైనా చివరికి హిట్లర్ దగ్గరో రక్తబీజుడి దగ్గరో తేలుతుంది. ఆ రెండూ పక్కన పెట్టి ఒక్క సందర్భం తీసుకుందాం. ఏడేళ్ల పాప చనిపోయింది. తల్లిదండ్రులు చిన్న చర్మం ముక్క తీయించి కణాలు దాచారు. ఆ కణాలతో క్లోన్ చేసి, తల్లే తొమ్మిది నెలలు మోసి కన్నదనుకుందాం.

పుట్టిన పిల్ల పాత పాపేనా, చెల్లెలా, కవలా? ఇవాళ మనిషిలో ఈ పని జరక్కుండా ఆపుతున్నది టెక్నాలజీయా, చట్టమా? "కుక్కల్ని 50 వేల డాలర్లకు క్లోన్ చేసి చేతిలో పెడుతున్నారు, మనుషులకు మాత్రం ఎందుకు కుదరదు" అనే మాటలో నిజమెంత? అన్నిటికంటే ముఖ్యం, ఇందులో అన్యాయం జరిగేది ఎవరికి? పోయిన పాపకా, పుట్టే పాపకా, ఇంకెవరికైనానా?

"దేవుడి పనిలో వేలు పెట్టకూడదు" లాంటి ఒక్క ముక్క జవాబులు వద్దండి. లెక్కలూ కారణాలూ కావాలి.

కణశాల

పని ఎలా జరుగుతుందో చూస్తే సగం సందేహాలు అక్కడే తీరతాయి.

చర్మం నుంచి మూడు నాలుగు మిల్లీమీటర్ల ముక్క తీసి, సన్నగా తరిగి పోషక ద్రవంలో ఉంచితే కొన్ని వారాల్లో ఫైబ్రోబ్లాస్ట్ కణాలు ముక్క అంచుల నుంచి పాకుతూ బయటికొచ్చి పెరుగుతాయి. వాటిని, మంచు దెబ్బ తగలనివ్వని 10 శాతం డీఎంఎస్‌ఓ కలిపిన ద్రవంలో, నిమిషానికి ఒక డిగ్రీ చొప్పున చల్లబరిచి, లిక్విడ్ నైట్రోజన్‌లో మైనస్ 196 డిగ్రీల దగ్గర దాస్తారు. ముక్కని నేరుగా ఫ్రిజ్ ఫ్రీజర్లో పడేస్తే మంచు స్ఫటికాలు కణం పొరని చీల్చేస్తాయి. డీఎన్‌ఏ మిగులుతుంది, బతికున్న కణం మిగలదు. (పదహారేళ్లు మామూలు ఫ్రీజర్లో ఉన్న ఎలుక నుంచి జపాన్ వాళ్లు 2008లో క్లోన్ తీశారు. అది మినహాయింపు, అదీ ఎలుకలో.)

తర్వాత అండం కావాలి. మనిషి అండం మిల్లీమీటరులో పదో వంతు. సన్నటి గాజు సూదితో దాని సొంత క్రోమోజోములు లాగేసి, ఆ ఖాళీలోకి చర్మకణాన్ని దూర్చి, చిన్న కరెంటు షాకుతో రెంటినీ కలుపుతారు. "ఫలదీకరణ జరిగింది" అని అండం భ్రమపడేలా రసాయనాలతో మేల్కొలుపుతారు. ఐదారు రోజులకు వందో రెండొందలో కణాల ముద్ద తయారైతే గర్భంలోకి పంపుతారు. రాతలో పది నిమిషాల పని. ఇప్పుడు లెక్కలు చూడండి.

డాలీ (స్కాట్లండ్ రోస్లిన్ ఇన్‌స్టిట్యూట్, 1996 జులై 5): 277 అండాలకు కణాలు కలిపితే పెరిగిన పిండాలు 29, మోసిన గొర్రెలు 13, పుట్టిన పిల్ల 1.

స్నప్పీ అనే కుక్క (సియోల్, 2005): 1,095 పిండాలు, 123 ఆడ కుక్కలు, నిలిచిన చూళ్లు 3, పుట్టినవి 2, బతికి పెరిగింది 1. ఆ 50 వేల డాలర్ల ధరలో ఈ ఆడ కుక్కల బాధ ఎక్కడా కనపడదు. ఇప్పుడు ఫలితాలు అప్పటికంటే మెరుగే, కానీ కుక్క గర్భాన్ని వాడుకున్నట్టు మనిషి గర్భాన్ని వాడుకోలేం కదా.

మనకు దగ్గరి లెక్క కోతులది. 2018 జనవరిలో షాంఘై వాళ్లు ప్రకటించిన జోంగ్ జోంగ్, హువా హువా గురించి అందరూ చెబుతారు: 79 పిండాలు, 21 తల్లి కోతులు, 6 గర్భాలు, 2 పిల్లలు. అందరూ వదిలేసే ముక్క ఒకటుంది. ఆ రెండూ పిండ దశలోనే పోయిన కోతి కణాల నుంచి వచ్చాయి. అదే బృందం అదే ప్రయోగంలో పెద్ద కోతి కణాలు వాడినప్పుడు 181 పిండాలు 42 తల్లుల్లో పెడితే 22 గర్భాలు నిలిచాయి, రెండు పిల్లలు పుట్టాయి, రెండూ కొద్ది సమయంలోనే చనిపోయాయి. మీ ఉదాహరణలో ఏడేళ్ల పాప చర్మకణం ఈ రెండో లెక్కకే దగ్గర.

ఎందుకు పోతాయంటే, చర్మకణంలోని డీఎన్‌ఏ మీద "నేను చర్మాన్ని" అని చెప్పే రసాయన గుర్తులు దట్టంగా ఉంటాయి. ఆ గుర్తులన్నీ చెరిపి మొదటి రోజు పిండంలా మార్చడానికి అండానికి దొరికేది కొద్ది గంటలే. చెరగకుండా మిగిలిన గుర్తులు ముందుగా దెబ్బకొట్టేది మాయని (గర్భంలో బిడ్డకు పోషణ అందించే ప్లాసెంటాని). మాయ బలహీనంగానో, ఉండాల్సిన దానికంటే లావుగానో తయారై గర్భం మధ్యలో పోతుంది. నెలలు నిండినా బిడ్డ మరీ పెద్దదవడం, ఊపిరితిత్తులు సరిగా విచ్చుకోకపోవడం పశువుల క్లోన్లలో మళ్లీ మళ్లీ కనిపించాయి. మన కర్నాల్ పాడి పరిశోధన సంస్థ ఎన్‌డీఆర్‌ఐలో 2009 ఫిబ్రవరిలో పుట్టిన తొలి క్లోన్ గేదె దూడ వారం తిరక్కుండానే ఊపిరితిత్తుల జబ్బుతో పోయింది. ఆ జూన్‌లో పుట్టిన గరిమ ఇంకొంత కాలం బతికింది.

మనిషిలో ఎక్కడిదాకా వచ్చిందంటే, 2013లో అమెరికా ఓరెగాన్‌లో మిటాలిపోవ్ బృందం క్లోన్ పిండాన్ని ఆరేడు రోజుల ముద్ద దాకా పెంచి మూలకణాలు (ఏ కణంగానైనా మారగలవి) తీసింది. అండం తొందరపడి మేల్కొనకుండా పట్టి ఉంచడానికి వాళ్లు వాడింది కెఫీన్, మన కాఫీలో ఉండేదే. గర్భంలో పెట్టలేదు. 2002 డిసెంబరులో "ఈవ్ అనే క్లోన్ పాప పుట్టింది" అని ఒక సంస్థ ప్రెస్ మీట్ పెట్టింది కానీ ఒక్క డీఎన్‌ఏ పరీక్షా చూపించలేదు. కాబట్టి మీ రెండో ప్రశ్నకు జవాబు: తొలి గేటు దాటారు, పుట్టుక దాకా ఎవరూ వెళ్లినట్టు రుజువు లేదు.

పోలిక సంగతి. మీ సందర్భంలో తల్లి సొంత అండమే వాడితే మైటోకాండ్రియాలోని (కణానికి శక్తినిచ్చే భాగాల్లోని) 37 జన్యువులు కూడా పాత పాపవే వస్తాయి. అంటే ఇంతకంటే దగ్గరి క్లోన్ సాధ్యం కాదు. తల్లికి వయసు మీరి వేరే ఆమె అండం తెస్తే అదీ పోతుంది. దగ్గరి క్లోన్ అయినా వేలిముద్రలు వేరు, కంటిపాప వలయం గీతలు వేరు. టెక్సస్‌లో 2001 డిసెంబరులో పుట్టిన సీసీ అనే పిల్లిని గుర్తు చేసుకోండి. తల్లికణం ఇచ్చిన రెయిన్‌బోకి నలుపు, తెలుపు, నారింజ మచ్చలు. సీసీకి నారింజ మచ్చ ఒక్కటీ రాలేదు. ఆడజీవుల కణాల్లో రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి మూతబడి ఉంటుంది, వాళ్లు తీసుకున్న కణంలో నారింజ రంగు ఉన్న ఎక్స్ మూతబడి అలాగే ఉండిపోయింది. ఒకే పిండం చీలి పుట్టిన కవలలకు కూడా తొలి రోజుల్లో వచ్చే జన్యు మార్పుల్లో సగటున 5 తేడాలుంటాయని 2021లో ఐస్‌లండ్ పరిశోధకులు లెక్కగట్టారు. "జిరాక్స్" అనే మాట ఎంత తొందరగా వదిలేస్తే అంత మంచిది.

అద్దంలో ఎవరు

మొదటి ప్రశ్నకు సూటి జవాబు: పాత పాప కాదు. ఇది నమ్మకం మీద ఆధారపడ్డ మాట కాదు, తర్కంతోనే తేలుతుంది.

దాచిన కణాలు వేలల్లో ఉంటాయి. వాటిలో రెండు తీసి రెండు గర్భాల్లో పెడితే ఇద్దరు అమ్మాయిలు పుడతారు. వాళ్లలో పోయిన పాప ఎవరు? ఇద్దరూ అనలేం, వాళ్లు ఒకరికొకరు వేరు మనుషులు కాబట్టి. ఒకరే అందామంటే రెండో అమ్మాయి కంటే ఆమెకు ఎక్కువ హక్కేమీ లేదు. మిగిలింది ఒక్కటే, ఇద్దరూ కాదు. బెర్నార్డ్ విలియమ్స్ అనే ఇంగ్లీషు తత్వవేత్త గత శతాబ్దంలో లేవనెత్తిన వాదన ఇది, ఇక్కడ చక్కగా అతుకుతుంది. ఇంకో వైపు నుంచి చూడండి. పాప ఐసీయూలో ఉండగా కణాలు తీసి క్లోన్ మొదలుపెట్టారు, పాప కోలుకుని ఇంటికొచ్చింది, ఏడాదికి క్లోన్ పుట్టింది. అప్పుడు పాప రెండు చోట్ల ఉందని ఎవరూ అనరు. మరి మొదటి పాప ఆ తర్వాత చనిపోతే, ఉయ్యాల్లో ఉన్న పిల్ల హఠాత్తుగా ఆమె అయిపోతుందా?

పిలుపు కావాలంటే, జన్యువుల లెక్కన ఆలస్యంగా పుట్టిన కవల, ఇంట్లో చెల్లెలు.

"మనిషి అంటే జ్ఞాపకాల వరస" అని జాన్ లాక్ కాలం నుంచీ ఒక వాదం ఉంది. అలా చూసినా క్లోనింగుకు దక్కేదేమీ లేదు. జన్యు సమాచారం అంతా కలిపితే 310 కోట్ల అక్షరాలు, కంప్యూటర్ భాషలో ఎనిమిది వందల ఎంబీ లోపు. మెదడులో న్యూరాన్లే దాదాపు 8,600 కోట్లు, వాటి మధ్య అతుకులు సుమారు 100 లక్షల కోట్లు. ఆ అతుకుల్లోనే అమ్మ గొంతు, బడి దారి, మొదటి సైకిల్ అన్నీ ఉంటాయి. చర్మకణంలో వాటి జాడే ఉండదు. డెరెక్ పార్ఫిట్ అనే తత్వవేత్త ఊహించిన యంత్రం, మనిషిని ఇక్కడ చెరిపి అంగారకుడి మీద అచ్చం అలాగే తయారు చేసేది, నిజంగా చిక్కు ప్రశ్న. ఎందుకంటే అక్కడ జ్ఞాపకాలు కూడా వెళతాయి. క్లోనింగ్ ఆ చిక్కు గుమ్మం దాకా కూడా రాదు. ఈ రెంటినీ కలిపి మాట్లాడే వీడియోలే చర్చని పాడు చేస్తున్నాయి.

పునర్జన్మ నమ్మేవాళ్లు "ఆ శరీరమే తయారైతే ఆ ఆత్మే వస్తుందేమో" అంటారు. వాళ్ల సిద్ధాంతం లోపలి నుంచే జవాబు ఉంది. ఒకే పిండం చీలి పుట్టిన కవలల్ని ఇద్దరు జీవులుగానే లెక్కిస్తాం, ఇద్దరి కర్మలూ వేరంటాం. అంటే శరీరబీజం ఒకటైతే జీవుడు ఒకడు కావాలనే నియమం ఆ సిద్ధాంతంలోనే లేదు.

ఇక అన్యాయం ఎవరికి? పోయిన పాపకు పెద్దగా ఏమీ జరగదని నా అభిప్రాయం. పుట్టిన పిల్లకే. పోయిన బిడ్డ స్థానంలో మరో బిడ్డని పెట్టుకోవడం క్లోనింగ్ కంటే ఎంతో పాతది. సాల్వడార్ డాలీ (గొర్రె కాదు, స్పెయిన్ చిత్రకారుడు) పుట్టడానికి తొమ్మిది నెలల ముందు అతని అన్న పోయాడు, ఆ అన్న పేరూ సాల్వడారే. విన్సెంట్ వాన్‌గో పుట్టడానికి సరిగ్గా ఏడాది ముందు అదే తేదీన, మార్చి 30న, చనిపోయి పుట్టిన అన్న పేరు కూడా విన్సెంట్. మన పల్లెల్లో దీనికి పూర్తిగా ఎదురు పద్ధతి ఉండేది. వరసగా పిల్లలు పోయిన ఇంట్లో తర్వాతి బిడ్డని పెంటకుప్ప మీద దొర్లించి పెంటయ్య, పెంటమ్మ అని పిలిచేవాళ్లు, మృత్యువు పోల్చుకోకూడదని. పోయినవాళ్ల పోలిక అంటకుండా బిడ్డని కాపాడటం అక్కడి ఉద్దేశం. క్లోన్ కోరే తల్లిదండ్రులకు కావలసింది సరిగ్గా ఆ పోలికే.

పోలిక మీద పెట్టుకున్న నమ్మకం ఎలా తప్పుతుందో టెక్సస్‌లో ఒక ఎద్దు చూపించింది. ఛాన్స్ అని చాలా సాధువైన బ్రాహ్మన్ జాతి ఎద్దు (ఆ జాతిలో మన ఒంగోలు రక్తమూ ఉంది). అది చనిపోయాక 1999లో దాని క్లోన్ సెకండ్ ఛాన్స్ పుట్టింది. యజమాని పాత ఎద్దే తిరిగొచ్చిందన్నట్టు దగ్గరికి వెళ్లేవాడు. అది పొడిచింది. మళ్లీ నమ్మాడు, మళ్లీ పొడిచింది. ఎద్దు కాబట్టి కొమ్ములతో చెప్పింది. పిల్ల ఎలా చెబుతుంది?

సందేహాల సంచి

కణశాల గారూ, అద్దంలో గారూ, థాంక్స్. చట్టం సంగతి ఎవరైనా చెబుతారా? "ఇండియాలో క్లోనింగ్ నేరం, పదేళ్ల జైలు" అని చాలాచోట్ల చదివాను.

నల్లకోటు

అలా రాసినవాళ్లు సెక్షన్ నంబరు చెప్పరు, గమనించండి. మనిషి క్లోనింగుని పేరుపెట్టి నేరం అన్న ప్రత్యేక చట్టం మన దేశంలో లేదు. ఉన్నది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి), బయోటెక్నాలజీ శాఖ కలిసి తెచ్చిన మూలకణ పరిశోధన మార్గదర్శకాలు, 2017. అందులో పునరుత్పత్తి క్లోనింగ్ నిషిద్ధ జాబితాలో ఉంది. మానవ పిండాన్ని 14 రోజులు దాటి ప్రయోగశాలలో పెంచడం కూడా. మార్గదర్శకాలు చట్టం కావు, కానీ ఎథిక్స్ కమిటీ, నిధులు, సంస్థ గుర్తింపు అన్నీ వాటికే కట్టుబడి ఉంటాయి.

అసలు బిగింపు 2021లో వచ్చిన రెండు చట్టాల్లో ఉంది. ఏఆర్‌టీ (సంతాన సాఫల్య పద్ధతుల) చట్టం నిర్వచనం చాలా వెడల్పు: అండాన్నో వీర్యాన్నో శరీరం బయట పట్టుకుని, గర్భం కోసం లోపలికి పంపే ప్రతి పద్ధతీ దాని కిందికొస్తుంది. తల్లే మోసినా ఈ చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం అండం ఇచ్చే ఆమెకు 23 నుంచి 35 ఏళ్లుండాలి, జీవితంలో ఒక్కసారే ఇవ్వాలి, ఏడు అండాలకు మించి తీయకూడదు. చికిత్స తీసుకునే స్త్రీకి 50, పురుషుడికి 55 దాటకూడదు. (2019 సెప్టెంబరులో గుంటూరులో 74 ఏళ్ల ఆవిడ ఐవీఎఫ్‌తో కవలల్ని కన్నది ఈ చట్టం రాకముందు.)

పైన కణశాల గారు చెప్పిన 181 పిండాల లెక్కని దీని పక్కన పెట్టండి. తీసిన ప్రతి అండమూ పిండం అవుతుందనుకున్నా 26 మంది దాతలు కావాలి. అన్నీ అవ్వవు కాబట్టి ఆ సంఖ్య ఎన్నో రెట్లు. మోయడానికి 42 మంది. సరోగసీ చట్టం కింద సరోగేట్‌గా ఒప్పుకునే ఆమె వివాహిత అయి ఉండాలి, సొంత బిడ్డ ఉండాలి, వయసు 25 నుంచి 35 మధ్య, జీవితంలో ఒక్కసారే, డబ్బు తీసుకోకుండా. డబ్బుకి సరోగసీ నడిపేవాళ్లకు పదేళ్ల దాకా జైలు, పది లక్షల దాకా జరిమానా. మీరు చదివిన "పదేళ్లు" బహుశా ఇక్కణ్నుంచి ఊడిపడ్డదే.

అనుమతి విషయం ఇంకా చిక్కు. క్యాన్సర్ చికిత్సకు ముందు వీర్యం దాచుకుని చనిపోయిన పెళ్లికాని యువకుడి నమూనాని అతని తల్లిదండ్రులకు ఇమ్మని 2024 అక్టోబరులో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. అక్కడ కోర్టు పట్టుకున్న దారం, దాచుకోవడంలోనే అతని సమ్మతి ఉందన్నది. ఏడేళ్ల పాప దేనికి సమ్మతించినట్టు? తల్లిదండ్రులు పిల్లల వైద్యానికి సంతకం పెట్టగలరు, పిల్లల తరఫున వాళ్ల పునరుత్పత్తికి కాదు.

పుట్టిందనే అనుకుందాం. కాగితాల మీద కొత్త మనిషే. కొత్త జనన పత్రం, పాత పాప మరణ పత్రం అలాగే ఉంటుంది. ఆధార్‌లో ఐదేళ్లకు వేలిముద్రలు, కంటిపాప తీసుకున్నప్పుడు వేరుగానే వస్తాయి. పాత పాప పేరున ఉన్న డిపాజిట్ అప్పటికే వారసత్వంగా తల్లిదండ్రులకు వెళ్లిపోయి ఉంటుంది, "అది నాదే" అనడానికి కొత్త పిల్లకు దారి లేదు. ఇది బిడ్డ క్లోన్ కాబట్టి డీఎన్‌ఏ పరీక్షలో కూడా అమ్మానాన్నలు అమ్మానాన్నలుగానే తేలతారు.

ఒక మగవాడు తననే క్లోన్ చేసుకుని, వేరే దాత అండంతో భార్య గర్భంలో పెంచితే రిపోర్టు తలకిందులవుతుంది. అందులో డీ8ఎస్1179 లాంటి ప్రతి గుర్తు దగ్గరా రెండేసి అంకెలుంటాయి, మామూలు బిడ్డకు తండ్రితో ఒకటి కలవాలి. ఇక్కడ రెండూ కలుస్తాయి, ప్రతి గుర్తు దగ్గరా. భార్యతో సంబంధమే కనపడదు. జన్యువుల లెక్కన ఆ బిడ్డ తల్లిదండ్రులు తాతా నానమ్మ. అయినా వివాహబంధంలో పుట్టిన బిడ్డ ఆ భర్త బిడ్డేనన్న ఊహ, పాత సాక్ష్య చట్టం 112, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమ్ 116, ఆ బిడ్డని కాపాడుతుందనే అనుకుంటాను.

మనిషి క్లోనింగుని అన్ని రూపాల్లో నిషేధించాలన్న ఐక్యరాజ్యసమితి 2005 మార్చి 8 తీర్మానానికి 84 అనుకూలం, 34 వ్యతిరేకం, 37 తటస్థం. భారత్ వ్యతిరేకంగా ఓటేసింది. మనుషుల్ని క్లోన్ చెయ్యాలని కాదు, ఆ వాక్యాలు చికిత్స పరిశోధనకీ అడ్డొస్తాయని. దీన్ని తప్పుగా ఫార్వర్డ్ చేసేవాళ్లు ఎక్కువ.

మొండిఘటం

అందరూ చెప్పింది కలిపితే అభ్యంతరాలు రెండే. ప్రమాదం ఒకటి, తల్లిదండ్రుల ఆశ ఇంకొకటి. రెండూ నిలబడవు.

ప్రమాదం: 1978లో ఐవీఎఫ్ మీదా ఇవే భయాలు. ఆ అక్టోబరులో కోల్‌కతాలో దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ పాపని పుట్టించిన డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయని ప్రభుత్వ కమిటీ అబద్ధాలకోరుగా తేల్చింది, 1981లో ఆయన ఆత్మహత్య చేసుకున్నారు. ఇవాళ ప్రతి జిల్లా కేంద్రంలో ఐవీఎఫ్ బోర్డులు. కోతుల లెక్కలూ మారుతున్నాయి. 2024లో ప్రకటించిన రీసస్ కోతికి 11 పిండాలు, ఏడుగురు తల్లులు చాలాయి, అప్పటికి అది మూడేళ్లు దాటి ఆరోగ్యంగా ఉంది.

ఆశ: బిడ్డని ఇంటర్లో చేర్చిన రోజే ఐఐటీ సీటు గోడ మీద రాసిపెట్టే ఇళ్లని ఏ చట్టం ఆపుతోంది? తాత పేరు పెట్టి "అచ్చం మా నాన్నే" అని మురిసిపోయే ఇళ్లో? ఇంకో ముక్క. క్లోన్ చెయ్యకపోతే ఆ పిల్ల అసలు ఉండేదే కాదు. ఉనికి ఇచ్చిన పనే ఆమెకు అన్యాయం ఎలా అవుతుంది? పార్ఫిట్ పేరెత్తారు కాబట్టి అడుగుతున్నా, ఈ చిక్కు కూడా ఆయనదే.

కణశాల

మొండిఘటం గారూ, ఐవీఎఫ్ పోలిక సగమే సరి. ఐవీఎఫ్‌లో ఎక్కువ భాగం ఓటమి గాజుపాత్రలోనో, అతుక్కోకముందో జరిగిపోతుంది. పుట్టినవాళ్లు మామూలుగా పుట్టారు. క్లోనింగులో ఓటమి ఆలస్యంగా వస్తుంది, ఐదో నెలలో, ప్రసవంలో, పుట్టిన మూడో రోజున. ఆ ఖర్చు మోసేది గర్భిణి, బిడ్డ.

రీసస్ లెక్క కూడా పూర్తిగా చూడండి. మొదట చేసిన పిండాలు 113. వాటిలో బాగున్న 11 పంపారు, గర్భాలు రెండు, బతికింది ఒకటి. ఆ ఒకటి కూడా ఎలా? క్లోన్ పిండానికి మాయ సరిగా రాదు కాబట్టి, మామూలు పద్ధతిలో ఫలదీకరణ చేసిన ఇంకో పిండం నుంచి మాయగా మారే పైపొర తీసుకుని, క్లోన్ లోపలి కణాల్ని అందులో పెట్టారు. తెలివైన పనే. మనిషిలో చేస్తే దాని అర్థం, ఒక క్లోన్ బిడ్డ కోసం బిడ్డ కాగల ఇంకో పిండాన్ని మాయ కోసం ఖర్చు పెట్టడం. ఈ ప్రశ్న డాలీ రోజుల్లో లేదు.

అండాల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఒక్కో దాతకు పది పన్నెండు రోజులు హార్మోన్ ఇంజెక్షన్లు, మత్తిచ్చి సూదితో తీయడం, కొందరికి అండాశయాలు ఉబ్బి పొట్టలో నీరు చేరడం. దక్షిణ కొరియాలో హ్వాంగ్ వూ సక్ మనిషి క్లోన్ మూలకణాలు సాధించానన్న రెండు పత్రాలూ 2006 జనవరిలో వెనక్కి తీసుకున్నారు, అవి కల్పితాలని తేలి. కల్పించిన ఫలితం కోసం వంద మందికి పైగా స్త్రీల నుంచి రెండు వేలకు పైగా అండాలు వాడారు. వాటిలో తన ల్యాబులో పనిచేసే జూనియర్ అమ్మాయిలవీ ఉన్నాయి. పై అధికారి అడిగితే "కాదు" అనే వీలు ఎంతుంటుంది? అన్యాయం ఎవరికి అని అడిగారు కదా, నా జాబితాలో వీళ్లు మొదట వస్తారు.

"సురక్షితం అయ్యాక" అంటారు. కోతి దగ్గర్నుంచి మనిషి దాకా వెళ్లాలంటే ఎవరో ఒకరి బిడ్డ మొదటి ప్రయోగం కావాలి. ఆ మొదటి పది ఇరవై మందిలో ఎందరు మూడో రోజున పోతారో ముందు చెప్పలేని ప్రయోగానికి, ప్రాణం కాపాడే అవసరమేదీ లేనప్పుడు, ఏ కమిటీ సంతకం పెడుతుంది?

అద్దంలో ఎవరు

రెండో సగం నాది. "లేకపోతే ఉండేదే కాదు" అన్నది బలమైన వాదనే, దాన్ని తోసెయ్యను. కానీ అది చెప్పేది పిల్లకు నష్టం జరిగిందని లెక్కగట్టలేమని. తల్లిదండ్రులు చేసిన పని సబబా అన్న ప్రశ్న అలాగే ఉంటుంది.

ఐఐటీ తండ్రి ఆశ పుట్టిన బిడ్డ మీద పెట్టుకున్నది. బిడ్డ లెక్కలు రాక లా చదివితే ఆయన ఏడ్చి ఊరుకుంటాడు, ఎప్పుడో సర్దుకుంటాడు. ఇక్కడ ఆశే పుట్టుకకు కారణం, పైగా కొలబద్ద ఆల్బమ్‌లో సిద్ధంగా ఉంది. మూడో ఏట ఆ పాప ఇలా నవ్వేది, ఐదో ఏట ఈ పాట పాడేది. ఫైన్‌బర్గ్ అనే తత్వవేత్త పిల్లలకు "తెరిచి ఉన్న భవిష్యత్తు" మీద హక్కుందన్నాడు. ఈ పిల్లకు ఏడేళ్ల దాకా అది మూసే ఉంటుంది. ఏడు దాటిన రోజు నుంచి ఆల్బమ్ ఖాళీ. అక్కడ తల్లిదండ్రులు ఏమవుతారో నాకు ఇంకా పెద్ద ప్రశ్న.

అయినా ఈ కారణంతో చట్టం నిషేధించాలని నేను అనను. మనసులోని ఉద్దేశాన్ని చట్టం కొలవలేదు, మొండిఘటం గారు అక్కడ కరెక్టే. నిషేధానికి కణశాల గారి లెక్కలు చాలు.

సందేహాల సంచి

చివరిగా ఒకటి. పాప పోయింది జన్యు జబ్బుతో అయితే? ఇలాంటి తల్లిదండ్రులకు "కణాలు దాచండి, ముందు ముందు పనికొస్తాయి" అని ప్యాకేజీలు అమ్మేవాళ్లున్నారు. ఏం చెప్పాలి?

కణశాల

జన్యు జబ్బయితే క్లోనింగ్ అన్నిటికంటే చెడ్డ దారి. తలసీమియా మేజర్‌తో (రక్తం సరిగా తయారు కాని జన్యు జబ్బుతో) పోయిన బిడ్డ క్లోన్‌కి తలసీమియా మేజర్ ఖాయం. అదే ఆ దంపతులు మామూలుగా కంటే ప్రతి కాన్పులో జబ్బు వచ్చే అవకాశం నాలుగో వంతు మాత్రమే.

చెయ్యగలిగింది చాలా ఉంది. ముందు ఇద్దరికీ రక్తంలో ఒక రకం హిమోగ్లోబిన్ కొలిచే హెచ్‌బీఏ2 పరీక్ష. సాధారణంగా 3.5 శాతం దాటితే వాహకులు (జబ్బు జన్యువు ఒక్కటే ఉండి, జబ్బు లేనివాళ్లు). ఐరన్ బాగా తక్కువగా ఉంటే ఈ అంకె కిందికి దిగి వాహకుణ్ని దాచేస్తుంది, అందుకే ఐరన్ నిల్వ చెప్పే ఫెర్రిటిన్ కూడా చూడాలి. తర్వాత ఇద్దరిలో మార్పు ఏదో డీఎన్‌ఏ పరీక్షలో తేల్చుకోవాలి. అది తెలిశాక రెండు దారులు: మామూలుగా గర్భం దాల్చి 11 నుంచి 13 వారాల మధ్య మాయ నుంచి చిన్న నమూనా తీసి పరీక్ష చేయించుకోవడం, లేదా ఐవీఎఫ్ చేసి పిండ దశలోనే పరీక్షించి జబ్బు లేనిది పంపడం.

ప్యాకేజీల విషయానికొస్తే, ఐసీఎంఆర్ మార్గదర్శకాల్లో వ్యాపారపరంగా దాచడానికి అనుమతి ఉన్నది బొడ్డుతాడు రక్తానికే. పాలపళ్ల గుజ్జు, బహిష్టు రక్తం, ఇతర కణాలు దాస్తామంటూ డబ్బు కట్టించుకుంటే అనుమతి కాగితం అడగండి. క్లోనింగ్ ఆశ చూపించి ఏటా కట్టించుకునేవాళ్లకు అసలు కట్టకండి.

కానీ ఇప్పటికే దాచిన కణాలుంటే పారేయొద్దు. జబ్బు పేరు తేలకుండా బిడ్డ పోయిన ఇళ్లలో, తర్వాతి కాన్పుకు ముందు ఆ మార్పు పట్టుకోవడానికి అంతకంటే మంచి నమూనా దొరకదు. సరిగా దాచక కణాలు చచ్చిపోయినా పర్లేదు, దీనికి డీఎన్‌ఏ చాలు. ఆస్పత్రిలో ఇచ్చిన డిశ్చార్జ్ సమ్మరీ, ఆ వయల్ మీది లేబుల్ వివరాలు పట్టుకుని జన్యు వైద్యుల్ని కలవాలి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. వెళ్లేటప్పుడు భార్యాభర్తలిద్దరూ వెళ్లాలి, పరీక్షకు ఇద్దరి రక్తమూ కావాలి.